సోమవారం ప్రశ్నలు, సేరుంబావు బియ్యం

అమీర్‌పేటలో మైత్రీవనం వెనుక సందులో, రెండు కోచింగ్ సెంటర్ల బోర్డుల నడుమ ఇరుకైన మెట్ల దారి ఒకటుంది. మూడు నెలల్లో జీవితం మార్చేస్తామని కింది బోర్డూ, నలభై అయిదు రోజుల్లోనే మార్చేస్తామని పై బోర్డూ హామీ ఇస్తుంటాయి. ఏ హామీ ఇవ్వకుండా వాటి మధ్యనున్న మొదటి అంతస్తులో, చలపతిరావు గారి లేడీస్ టైలరింగ్ షాపులో, వనిత తొమ్మిదేళ్లుగా జాకెట్లు కుడుతోంది.

షాపులో ఉన్నది నలుగురే. యజమాని చలపతిరావు పాతికేళ్ల కిందట తెనాలి వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. కొలతలు రాసుకోవడం, వచ్చినవాళ్లతో మర్యాదగా మాట్లాడి వాయిదాకు ఒప్పించడం ఆయన పని. బట్ట కత్తిరించేది మహిపాల్. జనగామ కుర్రవాడు, కత్తెర కన్నా నోరు పదును. హుక్కులూ కాజాలూ చేతికుట్టూ లచ్చవ్వవి. మిషను మీద వనిత. వనితా లచ్చవ్వా ఇద్దరూ సిరిసిల్ల నేతకుటుంబాల వాళ్లే. వయసులో పాతికేళ్ల తేడా ఉన్నా, ఇద్దరి చెవుల్లోనూ ఉన్నది ఒకే మగ్గాల చప్పుడు.

ఆ నలుగురిలో క్రైస్తవురాలు వనిత ఒక్కతే. అందువల్ల మిషను తొక్కడంతోబాటు ఇంకొక పని కూడా ఆమె మీద పడింది. ఏ దేశంలోనో ఏ పాదిరీయో చేసిన తప్పు మొదలుకొని, లోకం ఎన్ని రోజుల్లో పుట్టిందన్న లెక్క వరకూ, క్రైస్తవం పేరిట భూమ్మీద ఉన్న ప్రతి సందేహానికీ ఆమే జవాబుదారీ. ఆదివారం ఆమె యూసుఫ్‌గూడలో ప్రార్థన మందిరానికి పోతుందని అందరికీ తెలుసు. సోమవారం మధ్యాహ్నం అన్నం డబ్బాల మూతలు తీయగానే ప్రశ్నలు మొదలయ్యేవి. జవాబు తెలియనిది మనసులో పెట్టుకొని, వచ్చే ఆదివారం పాస్టరయ్యను అడిగి, ఆపై సోమవారం తెచ్చి ఇచ్చేది. తొమ్మిదేళ్లుగా అదే వాయిదాల పద్ధతి.

మహిపాల్ ప్రశ్నల్లో వెటకారమే గాని విషం ఉండేది కాదు.

"అక్కా, తండ్రి అంటవ్, కొడుకంటవ్, ఆత్మంటవ్. మళ్ల ఒక్కడే అంటవ్. రేపు మీ దేవుడు అంగీ కుట్టియ్యమని మెట్లెక్కొస్తే, కొల్తలు ఒక్కరియి తీస్కోవాల్నా ముగ్గురియా?"

సూర్యుడూ వెలుగూ వేడీ మూడైనా ఒకటే కదా అని పాస్టరయ్య చెప్పిన పోలికను ఆమె తరువాతి సోమవారం మోసుకొచ్చింది. మహిపాల్ కాసేపు ఆలోచించి, మూడూ ఒక్కటే అనడం నిజమేననీ, చెమట మాత్రం తనొక్కడిదేననీ అన్నాడు. మరో వారం, తింటారని ముందే తెలిసి ఆ చెట్టును తోట మధ్యన నాటడమెందుకని నిలదీశాడు. సార్ కూడా గల్లాపెట్టె తెరిచిపెట్టి మనల్ని పరీక్షించడు కదా, ఆయనకున్న అక్కల్, ఆ పాటి తెలివి, దేవుడికి లేదా అని అతని వాదన. దానికి పాస్టరయ్య చెప్పిన జవాబు పొడుగైనది. చెబుతుండగానే పప్పు చల్లారిపోయింది.

చలపతిరావు అరుదుగా అడిగేవాడు. అడిగినది మాత్రం లోతుగా దిగేది. ఆమె షాపులో చేరిన మొదటి ఏడే ఒకరోజు, కళ్లజోడు తీసి చేతిలో పట్టుకొని అడిగాడు.

"అమ్మా వనితా, హత్యలు చేసినవాడు ఆఖరి ఘడియలో పశ్చాత్తాపపడితే స్వర్గానికి వెళతాడంటారు. మా అమ్మ చీమకి కూడా అపకారం చెయ్యలేదు. మీ దేవుడి పేరు ఎప్పుడూ తలచుకోనూ లేదు. ఆవిడిప్పుడు నరకంలో ఉందంటారా?"

విశ్వాసంలోకి వచ్చి అప్పటికి రెండేళ్లు. కరపత్రంలో చదివిన మాట నాలుక చివరనే ఉంది. పాపం చేయనివారు ఎవరూ లేరనీ, రక్షణకు వేరే దారి లేదనీ ఆమె గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అలాగా అని, ఆయన కళ్లజోడు తుడుచుకొని పెట్టుకున్నాడు. ఆ తరువాత వారం రోజులు ఆమెకు ఇవ్వవలసిన బట్టలు మహిపాల్ చేత పంపించాడు. గల్లాపెట్టె పైన గోడకు, ఎండిన చామంతుల దండతో ఆ తల్లి ఫొటో వేలాడుతూనే ఉంది. రోజూ చూస్తూ కూడా వనిత దాన్ని చూడలేదు. తాను చెప్పిన జవాబు తప్పని ఆమె అప్పుడూ అనుకోలేదు. కానీ ఆ ఫొటో కింద నిలబడి చెప్పే మాట అది కాదని తెలిసింది. అప్పటి నుంచి ప్రశ్న వినబడగానే ఆమెకు ముందుగా అలసట వచ్చేది, జవాబు తరువాత వచ్చేది.

చలపతిరావు ఏటా తిరుమల కొండ నడిచి ఎక్కుతాడు. ఎందుకని ఎవరూ అడగరు. మహిపాల్ గురువారం దర్గాలో చక్కెర పంచి, మంగళవారం ఎల్లమ్మకు కొబ్బరికాయ కొడతాడు. రెండూ ఎలా పొసగుతాయని ఎవరూ నిలదీయరు. పుట్టిన చోటనే ఉండిపోయినవాడు ఏ కాగితమూ చూపనక్కరలేదు. గడప దాటినవాడు మాత్రం బతికినన్నాళ్లూ కారణం చూపుతూనే ఉండాలి. ఈ న్యాయం ఏ శాసనంలోనూ లేదు. అయినా ఏ శాసనమూ ఇంత కచ్చితంగా అమలు కావడం లేదు.

నోటితో అడగని ప్రశ్నలు మరికొన్ని ఉండేవి. వనిత బొట్టు పెట్టుకోదు. పంజాగుట్ట దుకాణాల్లో పెళ్లిబట్టలు కొని నేరుగా ఇటే వచ్చే తల్లులు, ఆమె బోసి నుదురు చూసి, ఆమె ముందున్న మిషను మీద తమ పట్టుముక్క పెట్టడానికి వెనకాడేవారు. భర్త పోయినామె అనుకునేవారు. మాస్టరు గారే కుడతారండీ అని చలపతిరావు మహిపాల్‌ను చూపి సర్దిచెప్పేవాడు. వాళ్లు మెట్లు దిగిపోయాక ఆ బట్ట మళ్లీ వనిత చేతికే వచ్చేది. ఆమె భర్త శ్యాంసుందర్ బేగంపేటలో ఒక హోటల్లో లిఫ్టులు చూసుకుంటూ నిక్షేపంగా ఉన్నాడు. అప్పట్లో లచ్చవ్వే అందరికన్నా గట్టిగా తిట్టేది: "మొగడు గుండ్రాయి లెక్క బతికుండంగ గా బోడినొసలేందే? మీ దేవునికి కండ్లు మండుతయా బొట్టు చూస్తే?"

ఏడాదిన్నర కిందట లచ్చవ్వ భర్త పోయాడు. పంజాగుట్ట శ్మశానం ప్రహరీని ఆనుకొని ఉన్న బస్తీలోనే వాళ్ల ఇల్లు. మోసుకుపోవలసిన దూరం కూడా లేదు. పన్నెండో రోజు తరువాత ఆమె షాపుకు వచ్చి వనిత పక్కన కూర్చున్నప్పుడు, ఇద్దరి నొసళ్లూ ఒక్కతీరుగా ఉన్నాయి. బొట్టు సంగతి ఆమె మళ్లీ ఎత్తలేదు.

ఇన్నేళ్లలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. వనిత అసలు ఎందుకు మారింది?

దానికి పాస్టరయ్య అవసరం లేదు. హైదరాబాద్ వచ్చిన రెండేళ్లలో రెండుసార్లు ఆమె కడుపు నిలవలేదు. రెండోసారి ఆరో నెల. ఆ తరువాత ఇంటికి వచ్చిన ప్రతివారూ అడిగారు: ఏం తిన్నావు, ఏ బరువు ఎత్తావు, ఏ మొక్కు మరిచిపోయావు, ఎవరి ఉసురు తగిలింది? అత్తవారు అడిగారు, పుట్టింటివారు అడిగారు, పాలు పోసే ఆమె అడిగింది. ఒక సాయంత్రం ఆ ప్రశ్నల్లోంచి లేచి బయటపడి, యూసుఫ్‌గూడ సందులో పాట వినబడుతున్న ఒక రేకుల హాల్లోకి పోయి చాప మీద కూర్చుంది. ఎవరూ ఏమీ అడగలేదు. హాలు ఊడ్చే వజ్రమ్మ అనే ముసలామె వేడి గంజి గ్లాసు తెచ్చి చేతిలో పెట్టి, తన పని తాను చూసుకుంది. మూడు వారాలు అలాగే గడిచాయి. నాలుగో వారం వనిత తనంతట తానే నోరు విప్పింది. ఆరు నెలలకు బాప్తిస్మం తీసుకుంది. ఆ తరువాత ఆమెకు పిల్లలు పుట్టలేదు. ఏ అద్భుతమూ జరగలేదు. ప్రశ్నలు లేని చోటు కోసం పోయిన మనిషికి, ఆ పోయినందుకే జీవితమంతా ప్రశ్నలు మిగిలాయి.

ఆ ఏడే జరిగింది ఒడిబియ్యం సంగతి. పెళ్లయిన ఆడబిడ్డకు మూడో ఏటో అయిదో ఏటో పుట్టింటివాళ్లు పసుపు కలిపిన బియ్యం కొంగులో పోయడం తెలంగాణలో ఆనవాయితీ. ఎండుకొబ్బరి కుడుకలు, పోకలు, పసుపుకొమ్ములు, రవికె గుడ్డ వేసి, ఈ బిడ్డ మాది అని చెప్పినట్టు అయిదు దోసిళ్లు పోస్తారు. కూతురు ఊరికి రాలేని స్థితిలో ఉందని, తల్లి ఆ బియ్యం మూటగట్టి కొడుకు అంబదాస్ చేత హైదరాబాద్ పంపింది. వనిత గడపలోనే నిలబడి, ఇది విగ్రహారాధన, నేను పట్టను అని అన్నను వెనక్కి పంపించింది. అంబదాస్ మంచినీళ్లు కూడా తాగకుండా మూట ఎత్తుకొని పోయాడు. నాలుగేళ్లకు తల్లి పోయింది. అప్పటి నుంచి అన్నాచెల్లెళ్లు చావులకు తప్ప మాట్లాడుకోలేదు.

ఈ కార్తీకంలో ఒక శుక్రవారం. ప్రశ్నల రోజు కాదు. లచ్చవ్వ కాజా కుడుతూ, తలెత్తకుండా అడిగింది.

"వనితా, మీ గుడిల మొగడు పోయినోళ్లు ఎక్కడ కూసుంటరే?"

"ఎక్కడంటే అక్కడ కూసుంటరవ్వా."

"ముందట సుత?"

"ముందట సుత. వజ్రమ్మ మొగడు పోయి ఇరవై ఏండ్లాయె. ప్రభువు బల్ల మీద గుడ్డ పరిచేది ఆమెనే. పెండ్లిల పిల్లను చెయ్యి పట్టి తోల్కొచ్చేది సుత ఆమెనే."

"ఎవ్వరేమనరా?"

"ఏమంటరు?"

లచ్చవ్వ దారం పళ్లతో కొరికింది. ఆ తరువాత మెల్లగా చెప్పుకొచ్చింది. ముందు రోజు ఆమె ఇంట్లో కూతురు పూజకు ఒడిబియ్యం పోశారు. బియ్యం చెరిగింది లచ్చవ్వ. పసుపూ నెయ్యీ కలిపింది లచ్చవ్వ. కుడుకలు ఎంచి, రవికె గుడ్డకు అంచు కుట్టింది లచ్చవ్వ. తీరా పోసే వేళకు, కోడలి తల్లి దగ్గరికి వచ్చి, వదినా మీరు జర లోపల కూసోండ్రి అంది. ఎంతో మెత్తగా అంది. కొడుకు భానుచందర్ నేల చూశాడు. పూజ కొంగు సర్దుకుంది. లచ్చవ్వ వంటగదిలో గ్యాస్ బండ పక్కన కూర్చుని, తన బిడ్డ ఒడిలో బియ్యం పడుతున్న చప్పుడు గోడ ఇవతలి నుంచి విన్నది. మనుషుల తప్పు కాదనీ, ఆనవాయితీ అంతేననీ, తన తల్లికి కూడా తాను అలాగే చేశాననీ చెప్పి ముగించింది.

శనివారం ఆమె చేతిసంచితో వచ్చింది. అన్నాలు తిన్నాక అందరి ముందే సంచి విప్పింది. లోపల పసుపు కలిపిన సేరుంబావు బియ్యం, సేరు మీద పావు. కూతురికి కలిపిన రోజే ఎవరూ చూడకుండా పక్కకు తీసిపెట్టినది.

"నీకు పుట్టింటోళ్లు పొయ్యక పదకొండేండ్లాయె. నాకు పొయ్యనిచ్చేటోళ్లు లేరు. మొగడు పోయినామెను మా దేవుడు ఎన్కకు నూకడంటివి గద. అయితే కొంగు పట్టు వనితా. నేను పోస్త."

మహిపాల్ కత్తెర ఆగింది. చలపతిరావు, తమ వైపు ఈ పద్ధతి తెలియదంటూ ఏమిటని అడిగాడు. మహిపాలే తక్కువ మాటల్లో చెప్పాడు. అందరూ వనిత వైపు చూస్తున్నారు. తొమ్మిదేళ్లుగా ఆమె చెప్పిన జవాబులన్నీ ఇప్పుడు ఒక సంచిలో ఎదురుగా ఉన్నాయి. కాదంటే, తన దేవుడి ఇంట్లో విధవరాలికి వెలి లేదన్న మాట నోటిమాటే. ఔనంటే, అన్నను గడపలోంచి తిప్పి పంపిన రోజు ఏమవుతుంది?

"పసుపు లేకుంట పొయ్యవ్వా, పడ్త," అంది, కొంత గడువు దొరుకుతుందేమోనని.

"పసుపు లేకుంటె అది ఒడిబియ్యమెట్లయితదే? రేషన్ బియ్యమైతది."

సోమవారం చెబుతానంది వనిత. పాస్టరయ్యను అడుగుతావా అని లచ్చవ్వ అడిగింది. వనిత మిషను వైపు తిరిగింది.

"అడిగితే అడుగు. గని ఆయనకేం తెలుస్తదే? ఆయనకు ఒడి లేదు."

ఆదివారం ఆరాధన అయ్యాక, పాస్టరయ్యతో మాట్లాడేవారి వరుసలో వనిత నిలబడింది. ఆమెకు ముందు ఇంకా ముగ్గురున్నారు. ఆయన ఏమంటాడో ఆమెకు తెలుసు. ఏ పోలికతో అంటాడో కూడా తెలుసు. ఆయన మంచివాడు, తొమ్మిదేళ్లుగా ఆమె తెచ్చిన ప్రతి ప్రశ్ననూ విసుక్కోకుండా విన్నవాడు. అయినా ఆమె వరుసలోంచి బయటికి వచ్చింది. వెనుక వజ్రమ్మ చాపలు చుడుతోంది. వనిత కూర్చుని ఒక కొస పట్టుకొని, మొత్తం చెప్పింది. వజ్రమ్మ ఒక్క మాటే అడిగింది.

"ఆమెకు బిడ్డ లేదా?"

"ఉంది. పొయ్యనియ్యలే."

వజ్రమ్మ ఇంకో రెండు చాపలు చుట్టింది.

"పాస్టరయ్యనడిగితే వద్దంటడు. ఆయన లెక్కల అది తప్పు గాదు. నన్నడిగితే నాకు తెల్వది బిడ్డా."

చాపల కట్ట గోడకు ఆనించి, ముసలామె చీపురు అందుకుంది. తెలియదని కూడా ఒకరికి జవాబు చెప్పవచ్చునని, ఇన్నేళ్లలో వనితకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఎండలో ఇంటికి నడుస్తూ ఆమె ఆ పాత రోజును మళ్లీ విచారించుకుంది. ఎప్పుడు తలచుకున్నా, విగ్రహారాధన కాబట్టి వద్దన్నాను అన్న వాక్యం దగ్గరే విచారణ ముగించేది. ఇప్పుడు ఆ వాక్యానికి ముందు ఏం జరిగిందో చూసింది. అన్న చేతిలో మూట కనబడగానే, పసుపు కనబడకముందే, గొంతులోకి వచ్చినది కోపం. ఖాళీ అయిన ఒడి నింపడానికి పంపించారు. అంటే ఖాళీ చేసింది నేనేనని వీళ్ల తీర్పు. అదీ ఆ క్షణాన ఆమె అనుకున్నది. దేవుడి పేరు ఆ తరువాత వచ్చింది. కోపం ఆమెది. దాని కింద సంతకం మాత్రం దేవుడి చేత పెట్టించింది.

దారిలో మూసి ఉన్న ఒక కిరాణా కొట్టు అరుగు మీద కూర్చుని, అంబదాస్‌కు ఫోన్ చేసింది. అన్న గొంతు వెనుక పవర్‌లూమ్‌ల చప్పుడు.

"ఎవలు పోయిండ్రు?" అన్నాడు.

"ఎవ్వరు పోలే. అన్నా, నేను అప్పుడు వాపస్ పంపిన బియ్యం ఏం జేసినవ్?"

మగ్గాల చప్పుడు దూరమైంది, అన్న బయటికి వచ్చినట్టున్నాడు.

"జూబ్లీ బస్టాండ్ల ఒక ముసలామెకిచ్చిన. అమ్మకు నువ్వు పట్టినవనే చెప్పిన. ఏ రంగు చీర కట్టుకున్నదిరా అనడిగింది. పచ్చదని చెప్పిన." వెనుక ఎవరో పిలిస్తే ఆగమన్నాడు. "సచ్చేదాక వాడకట్టంత గదే చెప్పుకున్నది, నా బిడ్డ పచ్చ చీర కట్టి పట్టిందని. నాతోని అబద్ధమాడిచ్చినవ్ వనితా."

"తప్పయిందన్నా."

సరే అన్నాడు. షిఫ్టు ఉందన్నాడు. పెట్టేశాడు. కోపం తగ్గిందో లేదో ఆ ఒక్క మాటలో తెలియలేదు.

సోమవారం వనిత పచ్చ చీర కట్టుకొని వచ్చింది. పాతది, అంచు చిరిగితే తానే కుట్టుకున్నది. మధ్యాహ్నం డబ్బాలు తెరిచారు, మూశారు. ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు. చేతులు కడుక్కొని వచ్చి ఆమే నిలబడి మొదలుపెట్టింది. అన్నను తిప్పి పంపిన సంగతి చెప్పింది. ఎందుకు పంపిందో కూడా దాచకుండా చెప్పింది. తల్లి అడిగిన చీర రంగు దగ్గర కాస్త ఆగి, అదీ చెప్పింది. తరువాత లచ్చవ్వ వైపు తిరిగింది.

"ఇది పడ్తే మా దేవునికి కోపమొస్తదో రాదో నాకు తెల్వదవ్వా. ఏ అమ్మవారికో మొక్కుత అని మాత్రం పడ్తలేను. నువ్వు పోస్తున్నవని పడ్తున్న."

"నిన్నెవరు మొక్కుమన్నరే?" అంది లచ్చవ్వ. "తూర్పుకు తిరిగి నిలబడు."

అమీర్‌పేట మెట్రో స్టేషను వైపు కిటికీ ఉన్నదే తూర్పు అని మహిపాల్ తేల్చాడు. వనిత రెండు చేతులా కొంగు పట్టింది. బియ్యం చెదురుతాయేమోనని చలపతిరావు ఫ్యాను ఆపేశాడు. కింద కోచింగ్ సెంటర్‌లో ఎవరో మైకులో పాఠం చెబుతున్నారు. లచ్చవ్వ మొదటి దోసిలి ఎత్తింది. నలభై ఏళ్లు సన్నని సూది పట్టిన చేతులవి, ఒక్క కుట్టూ తప్పలేదు. ఇప్పుడు సగం గింజలు నేల మీద రాలాయి. రెండోది తిన్నగా పడింది. ఎవరూ చెప్పకుండానే మహిపాల్ మెల్లగా లెక్కపెట్టాడు. అయిదో దోసిలితోబాటు రెండు కుడుకలూ ఒక పసుపుకొమ్మూ పడ్డాయి. రవికె గుడ్డకు మారుగా, కత్తిరించగా మిగిలిన ఎర్రటి పట్టుముక్క మహిపాలే తెచ్చి వేశాడు.

పోసినదంతా ఆడబిడ్డ పట్టుకుపోకూడదు. పుట్టిల్లు వట్టిపోకుండా ఒక గుప్పెడు తిరిగి ఇవ్వాలి. వనితకు ఆ సంగతి గుర్తుంది. గుప్పెడు తీసి పట్టుకొని నిలబడింది. పళ్లెం లేదు. చలపతిరావు డబ్బా మూత కోసం వెతుకుతున్నాడు. లచ్చవ్వ అంతవరకూ ఆగలేదు. తన తెల్లని చీర కొంగే చాపింది. గింజలు అందులో పడ్డాకగాని, పడినది ఎవరి కొంగులోనో ఎవరికీ తట్టలేదు. మొగుడు పోయిన ఆడదాని ఒడిలో ఎవరూ బియ్యం వేయరు. లచ్చవ్వ ఆ గుప్పెడును చూసి, కొంగుకు ముడి వేసి నడుములో దోపుకొంది. ఏడవలేదు. నేల మీది గింజలు ఏరడానికి వంగింది.

పని మళ్లీ మొదలయ్యాక, మహిపాల్ ఆగలేకపోయాడు.

"అక్కా, జర ఒక్కటి అడగాల్నా? ఇప్పుడు నీకు పాపం తగిల్నట్టా, పోయినట్టా?"

"తెల్వది తమ్మీ. ఈ బియ్యం వండి నలుగురికి పెట్టాలె. రేపు అన్నం తెస్త, తిను."

"నాక్కూడా తీసుకురామ్మా," అన్నాడు చలపతిరావు, తల్లి ఫొటో కింద కూర్చుని, పద్దు రాస్తున్నట్టు తల వంచుకొనే.

వనిత సరేనంది. ఒడిలోని బియ్యం లచ్చవ్వ తెచ్చిన సంచిలోకే మార్చింది. పసుపు అంటిన కొంగు దులిపితే పోలేదు. ఈ సంగతి ఆదివారానికి మందిరం చేరుతుంది. యూసుఫ్‌గూడ నుంచి అమీర్‌పేటకు పనికి వచ్చేది ఆమె ఒక్కతే కాదు. ఇన్నేళ్లూ ఇక్కడివాళ్లకు అక్కడి సంగతులు చెప్పింది. ఇక అక్కడివాళ్లకు ఇక్కడి సంగతి చెప్పుకోవాలి. పాస్టరయ్య ఓపికగానే వింటాడు. ఆయనకైనా తెలియదనే చెప్పాలి. తలచుకుంటేనే భుజాలు లాగాయి.

అయిదింటికల్లా పంజాగుట్ట పెళ్లికూతురి జాకెట్టు ఇవ్వాలి. ఆ పిల్ల తల్లికి మాస్టరే కుడతారని చెప్పి ఉన్నారు. వనిత సూదిలో దారం ఎక్కించి, మిషను మీదికి పట్టుబట్ట లాక్కుంది. పక్కన లచ్చవ్వ, నడుములోని ముడిని ఒకసారి తడిమి చూసుకొని, హుక్కుల డబ్బా మూత తీసింది.